రాగం పేరు సరే, పోలిక ఎవరితో?

పీజీ పిల్లలు సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) ఇచ్చే రోజులు వచ్చాయంటే స్టాఫ్ రూమ్‌లో నా బల్ల మీద కాగితాలు పేరుకుపోతాయి. న్యూరో ఫిజియోథెరపీలో గైడ్‌గా ఉన్నందుకు ఏటా వచ్చే అంశాలు నాకు కంఠతా వచ్చేశాయి. పక్షవాతంలో అద్దం చికిత్స, వృద్ధుల్లో తూలిపడటం, మధుమేహుల పాదాల తిమ్మిరి. ఈసారి ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చదివే ఒకమ్మాయి వాటన్నిటినీ పక్కనపెట్టి “అధిక రక్తపోటుపై ఆనందభైరవి రాగ ప్రభావం” అని రాసుకొచ్చింది. శీర్షిక చూడగానే ముచ్చటేసింది. పేజీ తిప్పగానే ఒళ్ళు మండింది. పూర్వ పరిశోధనలు ఉండాల్సిన చోట ఒక పట్టిక అతికించింది. ఎడమవైపు రాగాలు, కుడివైపు రోగాలు. నీలాంబరి ఎదురుగా నిద్రలేమి, ఆనందభైరవి ఎదురుగా బీపీ. ఆ పట్టిక మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒకరు తిప్పుతూనే ఉంటారు, “పదిమందికి పంపండి” అన్న ఉపదేశంతో సహా.

నాకు సంగీతం అంటే పడదని అనుకోకండి. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాను. కచేరీ చేసే స్థాయికి వెళ్ళలేదు గానీ తాళం తప్పితే ఇప్పటికీ చెవి పట్టేస్తుంది. అందుకే ఆ పట్టిక చూస్తే అంత చిరాకు. మాత్ర ఇచ్చేటప్పుడు ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఎవరికి ఇవ్వకూడదు అని ఇన్ని అడుగుతాం. రాగం దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగకుండా దండం పెట్టేస్తాం. అది గౌరవం కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. “ఎవరు పాడిన ఆనందభైరవి? ఆలాపనా, కీర్తనా? ఎంతసేపు?” అన్నిటికీ ఏదో ఒకటి చెప్పింది. “సరే. కుర్చీలో కళ్ళు మూసుకుని అంతసేపు కదలకుండా కూర్చుంటే, పాట లేకపోయినా బీపీ కాస్త దిగుతుంది కదా. నీ పోలిక ఎవరితో?” అన్నాను. అక్కడ ఆగిపోయింది. “మరి ఈ టాపిక్ వదిలేయమంటారా మేడమ్?” అంది. వదలొద్దు, చదువుకుని రమ్మన్నాను.

చదవడానికి కావలసినంత ఉంది. కళలను వైద్యంలో వాడటం మీద విశ్వవిద్యాలయాల్లో డిగ్రీలూ విభాగాలూ ఉన్నాయని మన దగ్గర చాలామందికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడ్డ సైనికుల ఆసుపత్రుల్లో సంగీతం వాడిన అమెరికాలోనే, 1944లో మిచిగన్ స్టేట్ విద్యాసంస్థలో సంగీత చికిత్సకు డిగ్రీ చదువు మొదలైంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళది ఇంకో దారి. 1990లో గేన్స్‌విల్‌లోని షాండ్స్ ఆసుపత్రిలో, పిల్లల క్యాన్సర్ వైద్యుడు జాన్ గ్రాహమ్-పోల్, చిత్రకారిణి కూడా అయిన నర్సు మేరీ రాక్‌వుడ్ లేన్ కలిసి కళాకారులను వార్డుల్లోకి తీసుకొచ్చారు. 1996లో విశ్వవిద్యాలయంలోనే దానికొక కేంద్రం ఏర్పడింది. ఇప్పుడు ఈ విషయంలో ఎంఏ కూడా ఆన్‌లైన్‌లో చదవవచ్చు. లండన్‌లో యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజ్ లండన్) వాళ్ళు 2021లో క్రియేటివ్ హెల్త్ పేరుతో మాస్టర్స్ మొదలుపెట్టారు.

ఇక్కడ మా పిల్లలు తరచూ తికమక పడే సంగతి ఒకటుంది. సంగీత చికిత్సకుడు వేరు, వార్డుకు వచ్చి పాడే కళాకారుడు వేరు. మొదటి వ్యక్తికి రోగి గురించి ఒక లక్ష్యం ఉంటుంది. కేసు రాస్తాడు, మార్పు కొలుస్తాడు. రెండో వ్యక్తి బాగుచేస్తానని అనడు. పడుకున్న మనిషికి రోగి అన్న గుర్తింపు కాసేపు పక్కన పెట్టుకునే వీలు కల్పిస్తాడు. రెండూ కావాలి. ఒకదాన్ని చూపించి ఇంకోదాని పేరుతో డబ్బు వసూలు చేసేవాళ్ళతోనే నా పేచీ.

ముందుగా ఆ అమ్మాయి చేతికి ఇచ్చింది 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష. ఆపరేషన్ అయినవాళ్ళకు సంగీతం వినిపించిన 73 నియంత్రిత ప్రయోగాలను కలిపి చూశారు. నొప్పి తగ్గింది, ఆందోళన తగ్గింది, నొప్పి మందుల వాడకం తగ్గింది. మత్తులో ఉండగా వినిపించినా కొంత ఫలితం కనిపించింది. అసలు విశేషం ఏమిటంటే, ఏ సంగీతం ఎంచుకున్నారు, ఎప్పుడు వినిపించారు అన్నదానితో పెద్ద తేడా రాలేదు. అది చదివి వచ్చిన రోజు అమ్మాయి ముఖంలో వెలుగూ ఉంది, దిగులూ ఉంది. “సంగీతం పనిచేస్తోంది గానీ పట్టిక పనిచేయడం లేదు మేడమ్” అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

పోలిక అంటే ఏమిటో అర్థం కావడానికి రెండోది ఇచ్చాను. ప్రసవం తర్వాత కుంగుబాటుతో ఉన్న 134 మంది తల్లులతో లండన్‌లో డెయిసీ ఫాన్‌కోర్ట్, రోజీ పెర్కిన్స్ చేసిన ప్రయోగం, 2018లో అచ్చయింది. తల్లులను మూడు బృందాలు చేశారు. ఒక బృందం పసిపిల్లలతో కలిసి పది వారాలు పాటలు పాడింది. రెండోది అంతే కాలం కలిసి కూర్చుని పిల్లలతో ఆటలు, బొమ్మల పనులు చేసింది. మూడోదానికి మామూలు వైద్యం. కుంగుబాటు ఎక్కువగా ఉన్నవాళ్ళలో పాడిన తల్లులు త్వరగా తేరుకున్నారు. ఈ ప్రయోగంలో నాకు నచ్చేది ఆ రెండో బృందం. అది లేకపోతే “నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే మనసు తేలికపడదా, దానికి పాటెందుకు?” అని మా అమ్మే అడిగేస్తుంది, జవాబు ఉండదు. ఆ రెండో బృందం కూడా కలిసి కూర్చుంది, కబుర్లు చెప్పుకుంది, పిల్లలనూ తెచ్చుకుంది. లేనిది పాట ఒక్కటే. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం ఆధ్వర్యంలో డెన్మార్క్, ఇటలీ, రొమేనియాల్లో కూడా దీన్ని నడిపి చూశారు. పురిటికి పుట్టింటికి వెళ్ళి, ఉయ్యాల చుట్టూ ఇంటిల్లిపాదీ పాడే అలవాటున్న మన దగ్గర ఇలాంటి పరిశోధన ఎవరైనా చేస్తే చదవాలని ఉంది.

ఇంకొకటి జాగ్రత్త కోసం చదివించాను. ఇంగ్లండ్‌లో 50 ఏళ్ళు దాటిన 6,710 మందిని 14 ఏళ్ళు గమనించి 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో వేశారు. కొన్ని నెలలకొకసారైనా నాటకాలకు, కచేరీలకు, మ్యూజియంలకు వెళ్ళేవాళ్ళలో, అసలు వెళ్ళనివాళ్ళ కంటే మరణ ముప్పు 31 శాతం తక్కువగా కనిపించింది. ఈ అంకె దొరకగానే పోస్టర్ వేసేయాలనిపిస్తుంది. కానీ కచేరీకి వెళ్ళగలిగిన మనిషికి కాళ్ళు బాగున్నట్టే కదా, చేతిలో టికెట్ డబ్బులు ఉన్నట్టే కదా. ఆదాయం, చదువు, అప్పటికే ఉన్న జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలిందనేది ఆ పరిశోధకుల బలం. అయినా అది గమనింపే, ప్రయోగం కాదు. కచేరీయే ఆయుష్షు పెంచిందని దాని ఆధారంగా తేల్చలేం.

ఇంతా చదివాక అమ్మాయి ఆనందభైరవిని తనంతట తానే కొట్టేసింది. మన విభాగానికి పనికొచ్చేది ఏదైనా చెప్పమంది. అప్పుడు నా పెట్టెలోంచి నాకు ఇష్టమైన కాగితం తీశాను.

మైకేల్ థాట్ అనే పరిశోధకుడు కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1996లో వేసిన పత్రం అది. పార్కిన్సన్స్ (వణుకు, బిగుతుతో కదలికలు మందగించే మెదడు జబ్బు) ఉన్న 15 మందికి మూడు వారాల పాటు రోజూ అరగంట, లయ స్పష్టంగా వినిపించే సంగీతంతో ఇంటి దగ్గర నడక సాధన చేయించారు. మొదట వాళ్ళ సొంత వేగంలో, తర్వాత దానికి అయిదు నుంచి పది శాతం ఎక్కువ వేగంలో. సంగీతం లేకుండా అంతే సాధన చేసినవాళ్ళతో, అసలు సాధన చేయనివాళ్ళతో పోల్చారు. లయతో నడిచినవాళ్ళ నడక వేగం 25 శాతం, వేసే అంగ పొడవు 12 శాతం పెరిగాయి. ఎందుకు అన్నదానికి పట్టుకోదగిన కారణం ఉంది. పార్కిన్సన్స్‌లో మెదడు లోపలి కాలమానం, అంటే ఇప్పుడు అడుగు వెయ్యి, ఇప్పుడు వెయ్యి అని చెప్పే ఏర్పాటు, బలహీనపడుతుంది. బయటి నుంచి వినిపించే దెబ్బ ఆ పని కొంత అందుకుంటుంది. కాబట్టి ఇక్కడ పనిచేసేది రాగం కాదు, తాళం. మృదంగం నేర్చుకున్న మనిషిగా ఈ మాట చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వంగా ఉంటుందని ఒప్పుకుంటాను.

మా ఓపీకి ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు వస్తారు. వరండాలో బాగానే నడుస్తారు. జిమ్ గది గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. నడుము పైభాగం ముందుకు వెళ్ళిపోతుంది, మడమలు లేస్తాయి, ముని వేళ్ళు మాత్రం అక్కడే వణుకుతాయి. వెనక నుంచి కొడుకు “నడు నాన్నా, నడు” అంటూ తోస్తాడు. అది చేయకూడని పని. ఆ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని, “మాస్టారూ, ఆగండి. ముందు నిటారుగా నిలబడండి. నేను ఆదితాళం వేస్తాను. ఒక ఆవర్తనం వినండి, రెండోదానిలో మొదటి దెబ్బకు ఎడమ కాలు” అన్నాను. చేత్తో తొడ మీద వేశాను. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, విన్నారు. రెండోదానికి కాలు లేచింది, గడప దాటింది. “ఇన్నేళ్ళూ ఆగస్టు 15కి పిల్లల చేత కవాతు నేను చేయించాను. ఇప్పుడు మీరు నా చేత చేయిస్తున్నారు” అన్నారు లోపలికి వస్తూనే.

అక్కడితో ఆపేస్తే బాగుంటుంది గానీ, తర్వాత జరిగింది కూడా చెప్పాలి. కుర్చీ చుట్టూ తిరగాల్సి వచ్చినప్పుడు తాళం ఉన్నా మళ్ళీ ఆగిపోయారు. ఇంకో రోజు మెట్రోనోమ్ (సమాన వ్యవధిలో టిక్ టిక్ అని లయ వినిపించే యంత్రం) బదులు ఆయనకు ఇష్టమైన పాత సినిమా పాట పెడితే, సాహిత్యం వింటూ, పెదవులు కదుపుతూ నడకే మర్చిపోయారు. అడుగులు చిన్నవైపోయాయి. రెండు పనులు ఒకేసారి చేయడం ఈ జబ్బులో కష్టం. వినడం కూడా ఒక పనే. పాట ఎంత ఇష్టమైనదైతే అంత మంచిదని అనిపిస్తుంది గానీ, నడకలో అలా కాదు.

అందుకే ప్రతిపాదన మళ్ళీ రాసేటప్పుడు మూడు బృందాలు పెట్టాం. మామూలు నడక శిక్షణ ఒకటి, మెట్రోనోమ్‌తో ఒకటి, మృదంగం రికార్డింగ్‌తో ఒకటి. పది మీటర్ల నడక, కుర్చీలోంచి లేచి నడిచి వచ్చి మళ్ళీ కూర్చోవడానికి పట్టే సమయం కొలుస్తాం. ఏ బృందమో రోగికి తెలియకుండా దాచలేం, చెవులు మూయలేం కదా. కొలిచే వ్యక్తికి మాత్రం తెలియకుండా చూస్తాం. విభాగంలో ఒక సహోద్యోగి అడిగారు, మెట్రోనోమ్‌తో పని జరిగితే మృదంగం ఎందుకని. మంచి ప్రశ్న. నా అనుమానం ఏమిటంటే, తేడా మొదటి రోజు కనిపించదు. ఇంట్లో ఎవరూ చూడని మూడో వారంలో, టిక్ టిక్ అనే యంత్రాన్ని ఎంతమంది ఆపేస్తారు, మృదంగాన్ని ఎంతమంది పెట్టుకుంటారు అన్నది చూడాలి. అందుకని ఇంటి సాధన డైరీ కూడా కొలతల్లో చేర్పించాను. వాషింగ్టన్ యూనివర్సిటీలో మాడెలిన్ హాక్నీ, గామన్ ఎర్‌హార్ట్ 2009లో పార్కిన్సన్స్ ఉన్న 58 మందితో టాంగో, వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ నాట్యాలు చేయించి చూశారు. నాట్యం చేసినవాళ్ళకు నిలకడ పెరిగింది. టాంగోలో ఆగడం, మొదలుపెట్టడం, వెనక్కి అడుగేయడం మాటిమాటికీ వస్తాయి. ఈ జబ్బులో చేతకానివి సరిగ్గా అవే. మన కోలాటంలో కూడా అవి ఉన్నాయి, చేతిలో కర్రలు మాత్రం తూలే మనిషికి ఇవ్వలేం. అది ఇంకో విద్యార్థికి దాచి ఉంచాను.

ఎథిక్స్ కమిటీలో ఫారం ఒకసారి తిరిగొచ్చింది. “పాల్గొనేవారికి ప్రమాదం” అన్న చోట మా అమ్మాయి “లేదు” అని రాసింది, పాటే కదా అనుకుని. వేగం పెంచి నడిపిస్తున్నప్పుడు పడిపోయే ప్రమాదం ఉండదా అని ఒక సభ్యుడు ఎర్ర సిరాతో రాశారు. వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగిన రోజు అది. నడుముకు బెల్టు, పక్కన ఒక మనిషి, ఇంటి సాధనకు కుటుంబ సభ్యుడి సంతకం, అన్నీ రాసి పంపాం.

కళ రోగికే కాదు, చదువుకునేవాళ్ళకూ పనికొస్తుందని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. చర్మవ్యాధుల వైద్యుడు అర్విన్ బ్రేవర్‌మన్ మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులను బ్రిటిష్ చిత్రాల మ్యూజియానికి తీసుకెళ్ళి, ఒక్కో చిత్రం ముందు నిలబెట్టి, కనిపించింది మాత్రమే చెప్పమనేవారు. వాళ్ళు తర్వాత రోగుల ఫొటోల్లో కూడా ఎక్కువ వివరాలు పట్టారని 2001లో జామా అనే వైద్య పత్రికలో రాశారు. ఆ ధైర్యంతో నేనూ మా పిల్లలను విజయవాడ బాపు మ్యూజియానికి తీసుకెళ్ళాను. త్రిభంగిలో, అంటే ఒంటిని మూడుచోట్ల వంచి, నిలిచిన ఒక శిల్పం ముందు నిలబెట్టి, బరువు ఏ కాలి మీద ఉందని అడిగాను. సగం మంది అలంకారాలు వర్ణించారు. ఒక కుర్రాడు మాత్రం, “మేడమ్, తుంటి పక్కకు జారింది. బతికున్న మనిషైతే తుంటి కండరం చూడాలి” అన్నాడు. పక్కన నిలబడి వింటున్న పర్యాటకులు మమ్మల్ని వింతగా చూశారు. శిల్పికి కటి, భుజం ఏ దిక్కుకు వంగుతాయో మా పాఠ్యపుస్తకాల కంటే ముందే తెలుసు.

ఇదంతా విదేశాల వ్యవహారం అనుకోనక్కర్లేదు. పుదుచ్చేరిలో శ్రీ బాలాజీ విద్యాపీఠ్‌లో సంగీత చికిత్సకు చదువూ పరిశోధనా ఉన్న కేంద్రం ఉంది. బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో సంగీతం, మెదడు మీద పనిచేసే ప్రయోగశాల ఉంది. కోల్‌కతా సంవేద్ సంస్థ ముంబై టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)తో కలిసి నాట్య చికిత్సలో డిప్లొమా నడిపింది. మన రెండు రాష్ట్రాల్లో బుర్రకథ, ఒగ్గుకథ, జముకుల కథ చెప్పేవాళ్ళను ఆరోగ్య ప్రచారానికి పిలిపించడం పాత అలవాటే. పిలుస్తాం, దరువు వేయించుకుంటాం, శాలువా కప్పి పంపిస్తాం. ఆ కథ విన్న ఊళ్ళో ఎంతమంది పరీక్షలకు వెళ్ళారో లెక్కపెట్టే పనిలో ఆ కళాకారుణ్ణి కూర్చోబెట్టిన సందర్భం నా కంట పడలేదు.

కళాకారుడికి డబ్బు ఇవ్వడం దగ్గరికి వచ్చాక నాకూ అదే తలనొప్పి ఎదురైంది. మృదంగం రికార్డింగ్‌కు ఒక విద్వాంసుణ్ణి అడిగాం. నిమిషానికి 80 దెబ్బల నుంచి 120 వరకు, అయిదేసి పెంచుతూ, ఒక్కోటి పది నిమిషాలు. బడ్జెట్ ఫారంలో పరికరాలకు, స్టేషనరీకి, ప్రయాణానికి గడులు ఉన్నాయి. మనిషి వాయించినందుకు ఇచ్చే పారితోషికానికి గడి లేదు. “మృదంగం కొన్నట్టు రాసేయండి” అని అకౌంట్స్‌లో సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. కన్సల్టెన్సీ కింద రాయించాను, నిపుణుడే కదా.

విద్వాంసుడు మేము అడిగింది విని కాసేపు ఇబ్బంది పడ్డారు. పది నిమిషాల పాటు కాలప్రమాణం వెంట్రుకవాసి కూడా కదలకుండా, జతులు (లయ విన్యాసాలు) అల్లకుండా, నాదం ఒకేలా రావాలంటే తనియావర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, కంటే కష్టమన్నారు. రెండో నిమిషంలోనే చెయ్యి తనంతట తాను ఏదో ఒకటి వేసేయబోతుందట. మెట్రోనోమ్ చెవిలో పెట్టుకుని సాధన చేస్తున్నారిప్పుడు. చివర్లో ముగింపు విన్యాసంగా ఒక్క ముక్తాయింపైనా వేసుకోవచ్చా అని అడిగారు. అమ్మాయి నా వైపు చూసింది. రోగి కుర్చీలో కూర్చున్నాక వేయమన్నాం.